ఫోన్‌కి అందే వైఫై టీవీకి ఎందుకు అందడం లేదు?

గోరింట
అందరికీ నమస్కారం. పది రోజులుగా మా టీవీతో కుస్తీ పడుతున్నాను, ఎవరైనా దారి చూపిస్తారేమోనని రాస్తున్నా. 43 అంగుళాల స్మార్ట్ టీవీ, కొని మూడేళ్లయింది. ఇన్నాళ్లూ వైఫై మీద బాగానే నడిచింది. ఇప్పుడేమో యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎలాగో మొదలైనా ఐదు నిమిషాలకోసారి బొమ్మ ఆగిపోతుంది. ఒక్కోసారి ‘వైఫై కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అని వస్తుంది. అదే సోఫాలో కూర్చుని ఫోన్లో చూస్తే ఏ ఇబ్బందీ లేదు! రౌటర్ పక్క గదిలోనే, మధ్యలో ఒక్క గోడ. రౌటర్ ఆపి వేశాను, టీవీ ఆపి వేశాను, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాను. సాయంత్రం అమ్మ సీరియల్ పెట్టుకునే టైమయ్యేసరికి నాకు టెన్షన్ మొదలవుతోంది. ఫ్యాక్టరీ రీసెట్ చేసేయమంటారా?

పాతరేడియో
గోరింట గారూ, రీసెట్‌కి తొందరపడకండి. యాప్‌లన్నీ మళ్లీ వేసుకోవాలి, లాగిన్లన్నీ మళ్లీ కొట్టుకోవాలి, ఇంతా చేశాక జబ్బు అక్కడే ఉంటే ఆ శ్రమంతా వృథా. ముందు తేల్చుకోవాల్సింది తప్పు టీవీదా, రౌటర్‌దా, బయటి నుంచి వచ్చే లైన్‌దా అని. ఫోన్ బాగా నడుస్తోందంటున్నారు కాబట్టి లైన్‌ని వదిలేద్దాం. మిగిలిన రెండింట్లో ఏదో తెలియడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఫోన్లో మొబైల్ డేటాతో హాట్‌స్పాట్ పెట్టి, ఫోన్‌ని టీవీ పక్కనే ఉంచి, టీవీని దానికి కలపండి. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్ పేజీలో ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేయాలి. వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో నడుస్తుంది, అది ఆన్ చేయకపోతే 5 పట్టని టీవీలకి ఆ పేరే కనిపించదు.

ఇంకో సంగతి. రిమోట్ మీద పవర్ బటన్ నొక్కితే టీవీ ఆగదు, నిద్రపోతుంది అంతే. లోపల వైఫై ఏ స్థితిలో చిక్కుకుందో చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. గోడ దగ్గర ప్లగ్ పీకి, ఒక నిమిషం ఆగి పెట్టండి. ‘ఇంటర్నెట్ లేదు’ అని వచ్చినప్పుడు నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో టీవీని గుర్తించే నంబర్) చూసి ఇక్కడ రాయండి. అది 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి అడ్రస్ రాక టీవీ తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం.

కొత్తచిగురు
మా ఇంట్లో రౌటర్ మార్చిన రోజే ఇలాంటిది జరిగింది. ఫోన్లు, ల్యాప్‌టాప్ అన్నీ కలిశాయి, టీవీ మాత్రం పాస్‌వర్డ్ తప్పు అంటూ కూర్చుంది. పాస్‌వర్డ్ పదిసార్లు సరిచూసుకున్నాను. చివరికి తేలిందేమిటంటే కొత్త రౌటర్లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3కి మాత్రమే పెట్టి ఉంది. అది 2018లో వచ్చిన పద్ధతి, మా టీవీ అంతకన్నా పాతది. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన మోడ్‌కి మార్చగానే కలిసింది. కొన్ని పాత టీవీలకి ఆ కలిపిన మోడ్ కూడా పడదు, వాటికి డబ్ల్యూపీఏ2 ఒక్కటే పెట్టాలి. మీరు రౌటర్ ఏమైనా మార్చారా అండి?

నీలిమబ్బు
నాది ఇంకా వింత. కొన్ని రోజులు టీవీ బాగుండేది, కొన్ని రోజులు మా వైఫై పేరే జాబితాలో ఉండేది కాదు. పక్కింటి వాళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి, మాది తప్ప! ఫోన్లో మాత్రం కనిపిస్తుంది. టీవీ పాడైందనే అనుకున్నా. తీరా చూస్తే రౌటర్లో వైఫై ఛానెల్ (బ్యాండ్‌లో రౌటర్ వాడుకునే చిన్న భాగం) ‘ఆటో’లో ఉంది. అది అప్పుడప్పుడు 13వ ఛానెల్‌కి వెళ్లిపోతోంది, మా టీవీ 11 దాటి వినదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఒకదాని మీద ఒకటి పడవు కాబట్టి ఆ మూడింట్లో ఖాళీగా ఉన్నది ఎంచుకోవడం మంచిది. నేను 6కి కట్టేశాను, ఆ తర్వాత పేరు మాయం కాలేదు.

5 గిగాహెర్ట్జ్ వాడేవాళ్లకీ ఇదే చిక్కు ఉంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. వాటిని వినని టీవీలు ఉన్నాయి. పైగా రాడార్ జాడ తగిలితే రౌటర్ ఉన్న ఛానెల్ వదిలి వేరేదానికి వెళ్లాల్సిందే. 36 నుంచి 48 లోపల పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

వేగుచుక్క
ఇన్ని అక్కర్లేదు. డీఎన్ఎస్ మార్చండి. 8.8.8.8 పెట్టండి, లేదా 1.1.1.1. నాకు రెండు నిమిషాల్లో సెట్ అయింది.

తూనీగ
వేగుచుక్క బ్రో, మీకు పనిచేసి ఉంటుంది, కాదనను. కానీ డీఎన్ఎస్ చేసే పని సైట్ పేరుకి అడ్రస్ వెతికి ఇవ్వడం. అది చెడిపోతే యాప్ తెరుచుకోదు, ‘ఇంటర్నెట్ లేదు’ అంటుంది. వీడియో మొదలయ్యాక ఐదు నిమిషాలకోసారి ఆగిపోవడం దాని వల్ల జరిగేది కాదు. గోరింట గారికి రెండూ ఉన్నాయి కాబట్టి వేరు మరెక్కడో ఉంది.

గోరింట
ఇంత మంది పట్టించుకున్నందుకు చాలా థాంక్స్ అండి. చేసినవి చెప్తాను. రౌటర్ మార్చలేదు. ప్లగ్ పీకి పెట్టాను, తేడా లేదు. ఐపీ అడ్రస్ మామూలప్పుడు 192.168తో ఉంది, నిన్న ఒకసారి 169.254 కూడా కనిపించింది. ఛానెల్ 11లో ఉంటే 1కి మార్చాను, తేడా లేదు. హాట్‌స్పాట్ పరీక్ష మాత్రం ఆశ్చర్యం! ఫోన్‌ని టీవీ స్టాండ్ మీద పెడితే వీడియో అరగంట ఆగకుండా నడిచింది. అంటే తప్పు రౌటర్‌దేనా? మార్చేయాలా?

అరుగు
మార్చే ముందు టీవీలో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. మా టీవీ కరెంటు పోయి వచ్చాక కొన్నేళ్ల వెనక్కి వెళ్లిపోయింది. వైఫై ఉంది, అడ్రస్ ఉంది, ఏ యాప్ కూడా తెరుచుకోదు. యాప్‌లు సర్వర్‌తో సురక్షితంగా మాట్లాడాలంటే దాని గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ గడువు చూసుకుంటాయి. గడియారం తప్పైతే ఆ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదని అనుకుంటాయి. ఆటోమేటిక్ టైమ్ తీసేసి, చేత్తో సరైన తేదీ పెట్టాను. వెంటనే అన్నీ తెరుచుకున్నాయి.

బాగా పాత టీవీలున్న వాళ్లకి ఇంకో మాట. ఒకప్పుడు చాలా సైట్లు ఆధారపడిన ఒక మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30న తీరిపోయింది. అప్‌డేట్లు ఆగిపోయిన పరికరాల్లో కొన్ని సైట్లు, యాప్‌లు ఆ రోజు నుంచి మొండికేశాయి. ఫోన్‌లో తెరుచుకున్నవి పాత టీవీలో తెరుచుకోకపోతే వైఫైని అనుమానించి లాభం లేదు.

చినుకు
మా టీవీలో వైఫై స్విచ్ బూడిద రంగులోకి వెళ్లిపోయింది, నొక్కినా కదలదు. హాట్‌స్పాట్ పేరూ కనిపించలేదు, ఏ పేరూ కనిపించలేదు. మెకానిక్ వెనక మూత విప్పి చూపించాడు. అగ్గిపెట్టెంత బోర్డు, దానికో సన్నటి రిబ్బన్ వైరు. అదే వైఫై. వైరు తీసి గట్టిగా కూర్చోబెడితే నెల రోజులు పనిచేసి మళ్లీ పోయింది. ఇక దాని జోలికి పోకుండా హెచ్‌డీఎంఐకి స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకున్నాం. ఆ స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి, చాలా టీవీల్లో అది చాలదు, మధ్యలో రీస్టార్ట్ అవుతుంది. దానితో వచ్చిన అడాప్టరే వాడండి. గోరింట గారిది ఇది కాదులెండి, హాట్‌స్పాట్ నడిచిందంటే బోర్డు బాగున్నట్టే.

దీపం
లాన్ వైరు లాగేస్తే ఇంత చర్చే అక్కర్లేదని నా అభిప్రాయం. చాలా టీవీల్లో లాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్ మాత్రమే, వైఫైలో అంతకన్నా ఎక్కువ చూపించవచ్చు కూడా. అయినా 4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్. నిలకడగా వచ్చే 100, ఊగిసలాడే 300 కన్నా ఎంతో నయం.

గోరింట
దీపం గారూ, గోడకి రంధ్రం వేయాలి, అద్దె ఇల్లు. అందుకే ఆఖరి ప్రయత్నంగా ఉంచాను. తేదీ, టైమ్ సరిగ్గానే ఉన్నాయి.

పాతరేడియో
రౌటర్ మార్చకండి, ఇంకా తేలలేదు. ఫోన్ టీవీని ఆనుకుని ఉంటే సిగ్నల్ ఎంత గోలనైనా దాటుకుని వినిపిస్తుంది. ఇప్పుడు అదే హాట్‌స్పాట్ ఫోన్‌ని తీసుకెళ్లి రౌటర్ పక్కన పెట్టి చూడండి. ఫోన్‌కి రౌటర్ అంత బలం ఉండదు, నిజమే. అయినా ఒక్క గోడకే పూర్తిగా చతికిలపడకూడదు. రెండోది, మీ టీవీ 5 గిగాహెర్ట్జ్ పట్టుకుంటుందా? పట్టకపోతే ఇన్నాళ్లూ మీ ఫోన్ ఒక దారిలో, టీవీ మరో దారిలో వెళ్తున్నాయి, రెండింటినీ పోల్చకూడదు. రౌటర్లో రెండు బ్యాండ్లకీ వేర్వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ని 2.4కి కలిపి, ముందు సోఫాలో, తర్వాత టీవీ వెనక చెయ్యి పెట్టి స్పీడ్ చూడండి.

గోరింట
చేశాను అండి. ఫోన్ రౌటర్ గదిలోకి వెళ్లగానే హాట్‌స్పాట్ మీద కూడా అదే చక్రం. టీవీకి 2.4 ఒక్కటే ఉంది. ఫోన్‌ని 2.4కి కలిపి సోఫాలో చూస్తే 34 ఎంబీపీఎస్. టీవీ వెనక్కి చెయ్యి పెట్టి చూస్తే 3! మూడుసార్లు చూశాను. విచిత్రం ఏమిటంటే రెండు చోట్లా సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి.

పాతరేడియో
దొరికింది. గీతలు చెప్పేది రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే. పక్కన ఎంత గోల ఉందో అవి చెప్పవు. మీ టీవీ వెనకే ఏదో గోల చేస్తోంది, అందుకే ఏ రౌటర్ తెచ్చినా ఇంతే. ప్యాకెట్లు (డేటా ముక్కలు) దారిలోనే చెడిపోతే అడ్రస్ కూడా అందదు, అప్పుడప్పుడు కనిపించిన 169.254 అందువల్లే అయి ఉంటుంది. పది రోజుల కింద టీవీకి కొత్తగా ఏం తగిలించారు? సౌండ్‌బార్, సెట్‌టాప్ బాక్స్, పెన్‌డ్రైవ్, ఏదైనా సరే.

గోరింట
హార్డ్ డిస్క్! తమ్ముడు సినిమాలు వేసి ఇచ్చాడు. టీవీ వెనక గుచ్చి వదిలేశాను, చూసి వారమైంది కూడా. దానికీ వైఫైకీ సంబంధం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. పీకి చూసి చెప్తాను.

గోరింట
టీవీ వెనక ఇప్పుడు 31 వస్తోంది అండి. మళ్లీ గుచ్చాను, 4. పీకాను, 32. అమ్మ పక్కన నిలబడి చూస్తోంది. డిస్క్ పోర్టులోకి వెళ్లే కొద్దీ స్పీడ్ పడిపోవడం కళ్లారా చూశాం.

తూనీగ
వైరు చివర లోపలి నాలుక నీలం రంగులో ఉందా చూడండి. యూఎస్‌బీ 3.0కి సాధారణంగా అలా ఉంటుంది. అందులో డేటా 5 జీబీపీఎస్ వేగంతో వెళ్తుంది, ఆ రొద 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ పరుచుకుంటుంది. వైఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మౌస్ అన్నీ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద కొలతలతో పత్రం ఇచ్చింది. సరిగ్గా షీల్డింగ్ లేని డిస్కులు, నాసిరకం వైర్లయితే మరీ ఎక్కువ.

గోరింట
నీలమే! టీవీకి పక్కనే నల్లది ఇంకో పోర్ట్ ఉంది, 2.0 అని రాసి ఉంది. డిస్క్ అందులో పెట్టాను, స్పీడ్ 30 దగ్గరే నిలిచింది. నిన్న రెండున్నర గంటల సినిమా ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. రీసెట్ వద్దని, రౌటర్ మార్చవద్దని ఆపినందుకు మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే అండి.

కొత్తచిగురు
ఇది చదివి మా టీవీ వెనక చూశాను. ఉన్నవి రెండూ నీలం పోర్టులే, డిస్క్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది. టీవీ కూడా 2.4 మీదే ఉంది. పాతరేడియో గారూ, నేనేం చేయాలి?

పాతరేడియో
మీటరు పొడవున్న యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చుకోండి. మధ్యలో అది ఉంటే డిస్క్ 2.0 వేగానికే దిగుతుంది, అంటే గరిష్ఠంగా 480 ఎంబీపీఎస్. సినిమాకి అది ధారాళంగా సరిపోతుంది. డిస్క్‌ని కూడా టీవీ వీపుకి అంటించకుండా స్టాండ్ కింది అరలోకి దించండి. ముందు మాత్రం డిస్క్ పీకి ఒకసారి, గుచ్చి ఒకసారి స్పీడ్ చూసుకోండి. తేడా కనిపిస్తేనే వైరు కొనండి.