హంటింగ్టన్: చిన్నప్పుడే మొదలైతే త్వరగా ముదురుతుందా?

ప్రశ్న
తండ్రికి 45 ఏళ్లకు మొదలైన హంటింగ్టన్ (జన్యువు ద్వారా వచ్చే మెదడు జబ్బు) కొడుక్కి 17కే బయటపడితే, జబ్బు నడక కూడా అంతే వేగంగా ఉంటుందా? జన్యుపరీక్ష రిపోర్టులో సీఏజీ (ఈ జబ్బు జన్యువులో మూడక్షరాల డీఎన్‌ఏ ముక్క వరుసగా ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే సంఖ్య) 65 అని ఉంది. దాన్నిబట్టి ఎన్నేళ్లో లెక్క కట్టొచ్చా? తండ్రికి కాళ్లూ చేతులూ ఆగకుండా కదులుతుంటే, కొడుకు కర్రలా బిగుసుకుపోవడం ఏమిటి?

జవాబు 1
ముందు బిగుతు సంగతి చెప్తాను, మందు తేడా పడేది అక్కడే. 20 ఏళ్లకో అంతకుముందో మొదలైతే జువెనైల్ (చిన్నవయసు) రూపం అంటారు. ఇందులో కొరియా (కాళ్లూ చేతులూ ఆగకుండా కదలడం) కంటే బిగుతు, కదలికల్లో మందకొడితనం ఎక్కువ. చాలాసార్లు మొదట తెలిసేది స్కూల్లోనే: అక్షరాలు వంకరపోతాయి, నోట్సు సగంలో ఆగిపోతుంది, మార్కులు పడిపోతాయి, మొండితనం వస్తుంది. అది బద్ధకమని పిల్లల్ని తిట్టకండి. ఎంత చిన్న వయసులో మొదలైతే మూర్ఛలు వచ్చే అవకాశం అంత ఎక్కువ.

తండ్రికి రాసిన టెట్రాబెనజీన్ కొడుక్కి వేయొద్దండీ. అది మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని తగ్గించి కొరియాను అణుస్తుంది; బిగుతు ఉన్నవాళ్లకు ఇస్తే ఇంకా బిగుసుకుపోతారు, దిగులూ పెరగొచ్చు. బిగుతుకి కొందరిలో లీవోడోపా (డోపమైన్‌ను పెంచే మందు) పనిచేస్తుంది.

జవాబు 2
సీఏజీ 26 వరకు మామూలు. 27–35 ఉన్నవాళ్లకు సాధారణంగా జబ్బు రాదు గానీ, పిల్లలకు ఆ సంఖ్య పెరిగి అందొచ్చు. 36–39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆపైన ఉంటే మామూలు ఆయుష్షులో వచ్చి తీరుతుంది. 60 దాటితే చాలావరకు 20 ఏళ్ల వయసులోపే మొదలవుతుంది. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ఈ సీఏజీ వరుస బాగా సాగుతుంది (పొడవవుతుంది), అందుకే జువెనైల్ కేసులు ఎక్కువగా తండ్రి వైపు నుంచి వస్తాయి.

అలాగని సంఖ్య జాతకం కాదు. ఒకే 43 ఉన్న ఇద్దరికి పదేళ్ల తేడాతో మొదలవ్వొచ్చు. మెదడు కణాల్లో ఈ వరుస జీవితమంతా సాగుతూనే ఉంటుంది. ఎంత వేగంగా సాగుతుందనేది ఎంఎస్‌హెచ్3, ఫాన్1 లాంటి డీఎన్‌ఏ మరమ్మతు జన్యువుల మీదా ఆధారపడుతుంది.

జవాబు 3
వేగం గురించి: పెద్దవాళ్లలో లక్షణాలు మొదలయ్యాక 15–20 ఏళ్లు బతకడం సాధారణం. ఎప్పుడు మొదలవుతుందో సీఏజీ చాలావరకు చెప్తుంది గానీ, ఆ తర్వాత ఎన్నాళ్లో అంతగా చెప్పదు. జువెనైల్‌లో సగటున వ్యవధి తక్కువే, కానీ 65 అని చూసి ఏళ్లు లెక్కపెట్టకండి.

నెలకోసారి బరువు రాసిపెట్టండి, చాలినంత తింటున్నా తగ్గిపోతారు. నీళ్లు తాగితే పొలమారుతుంటే మింగుడు పరీక్ష చేయించండి. కొందరికి పలచటి నీళ్లకంటే చిక్కటి జావ తేలిగ్గా దిగుతుంది.

ఇంకోటి, లక్షణాల్లేని తోబుట్టువులకు 18 నిండకుండా జన్యుపరీక్ష చేయించొద్దు. నిండాక కూడా, ముందు కౌన్సెలింగ్ తీసుకుని వాళ్లంతట వాళ్లు కోరితేనే.