ఏడు అనుమానాలు: 'దేవద్రవ్యానుమానం' అనే మాట మీద చర్చ

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట గురించి నాకొక సందేహం. సందేహం అనే రాస్తున్నాను, అనుమానం అని రాస్తే ఇక్కడ చిక్కు వస్తుంది. ఎందుకో చెబుతాను.

నాకు ముప్ఫై ఆరేళ్లు. పుట్టింది హిందూ కుటుంబంలో. రెండేళ్లుగా ఆదివారాలు కతోలిక గుడికి వెళ్తున్నాను. నిరుడు వానాకాలం నుంచి సత్యోపదేశం తరగతులకు కూడా వెళ్తున్నాను. వచ్చే పాస్క (ఈస్టర్) జాగరణ రాత్రి జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం (నుదుట తైలం పూసి విశ్వాసంలో స్థిరపరచడం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే రొట్టె) మూడూ ఒకే పూజలో అందుకోబోతున్నాను. పిల్లలకైతే వీటి మధ్య ఏళ్లు గడుస్తాయి. పెద్దవాళ్లకు మాత్రం ఒక్క రాత్రే.

తరగతి చెప్పే ఉపదేశి గారు పెద్దాయన. ఇంట్లో చదువుకోమని అట్ట ఊడిపోయిన పాత ప్రశ్నోత్తరాల పుస్తకం ఒకటి ఇచ్చారు. 'దేవద్రవ్యానుమానములు ఎన్ని?' అని అందులో ప్రశ్న. 'ఏడు' అని జవాబు. కొత్త పుస్తకంలో అదే చోట 'దివ్యసంస్కారాలు' అని ఉంది, ఇంగ్లీషులో సాక్రమెంట్లు; నేను అందుకోబోయే మూడూ వాటిలోవే. మావారికి చూపిస్తే, "విచారణకు రమ్మన్నారు, ఏడు అనుమానాలున్నాయన్నారు. ఇంతకీ నువ్వు వెళ్తున్నది గుడికా, పోలీసు స్టేషనుకా?" అన్నారు. (తెలియని వారి కోసం: కతోలికుల తెలుగులో ఒక గురువు చూసుకునే గుడినీ, దాని కింద ఉండే విశ్వాసులనూ కలిపి విచారణ అంటారు.) నేనూ నవ్వాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. దేవుడి ద్రవ్యం మీద అనుమానం ఏమిటి? ఉపదేశి గారిని అడిగితే, "పెద్దలు అలా పెట్టారమ్మా" అన్నారు. ఆ సమాసాన్ని ఎవరైనా విడదీసి చెప్పగలరా?

తర్కం చదువుకున్న ఒక సభ్యుడి జవాబు

అమ్మా, మీ ప్రశ్న చూసి చాలా రోజుల తరువాత పాత నోటుపుస్తకం తీశాను. నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. క్రైస్తవం గురించి నాకు తెలిసింది తక్కువ. అనుమానం గురించి మాత్రం కొంచెం తెలుసు.

'అనుమానం పెనుభూతం' అనే సామెతలోని అనుమానం కాదది. సంస్కృతంలో అనుమానం అంటే శంక కాదు, దానికి దాదాపు తలకిందులు. కనబడే దాన్ని పట్టుకుని కనబడని దాన్ని నిశ్చయంగా తెలుసుకోవడం. తర్కం చదివే పిల్లవాడికి మొదటి రోజే చెప్పే ఉదాహరణ ఒకటుంది: కొండ మీద పొగ కనిపించింది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది. వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉండటం రోజూ చూశాం గనుక ఆ నిశ్చయం కలుగుతుంది. పొగ హేతువు, నిప్పు సాధ్యం, ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుందన్న నియమం వ్యాప్తి. 'అనుమానంగా ఉంది' అని మనం ఇవాళ అంటే 'నిశ్చయం లేదు' అని అర్థం. నైయాయికుడు, అంటే తర్కశాస్త్రజ్ఞుడు, 'అనుమానం వల్ల తెలిసింది' అంటే 'ఇక సందేహం లేదు' అని.

ఇప్పుడు సమాసం చూడండి. దేవుని ద్రవ్యం దేవద్రవ్యం. ద్రవ్యమంటే ధనం. దైవానుగ్రహం అనే ధనం కంటికి కనబడదు. నీళ్లు కనబడతాయి, నూనె కనబడుతుంది, రొట్టె కనబడుతుంది. వీటిని బట్టి ఆ కనబడని ధనం ఉందని తెలుసుకోవడమే దేవద్రవ్యానుమానం. షష్ఠీ తత్పురుషం చాలు. ఈ మాట కట్టినవాడెవడో గానీ తర్కశాస్త్రం రుచి తెలిసినవాడు.

అయితే ఈ మాటలో నాకొక చిల్లు కనిపిస్తోంది. నిప్పు వల్ల పొగ పుడుతుంది గానీ పొగ వల్ల నిప్పు పుట్టదు. మీ మతంలో ఆ నీళ్లు అనుగ్రహాన్ని ఊరికే సూచిస్తాయా, లేక నిజంగా ఇస్తాయా? ఇస్తాయనే పక్షమైతే అనుమానం సరిపోదు. అది జ్ఞానాన్నిస్తుంది, అంతకుమించి ఏమీ ఇవ్వదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

మాస్టారూ, ధన్యవాదాలు. మీరు పట్టుకున్న చిల్లు సరిగ్గా మా తరగతిలో మూడు వారాలు నలిగిన విషయం. కతోలిక బోధ ప్రకారం ఇవి సూచించేవి మాత్రమే కావు, సూచించిన దాన్ని చేసి చూపేవి కూడా. నీళ్లు పాపం కడగడాన్ని సూచిస్తాయి, ఆ క్రియలోనే పాపం కడుగుతుంది. ఈ లెక్కన పాత మాటలో సగమే ఉంది.

చెన్నై నుంచి ఒక తెలుగు సభ్యుడు

ఈ మాటకు తమిళంలో అన్నగారు ఉన్నారు. అక్కడి పాత కతోలిక పుస్తకాల్లోనూ ఇదే, 'దేవతిరవియ అనుమానం'. మదురై ప్రాంతంలో పదిహేడో శతాబ్దంలో పనిచేసిన రోబెర్తో దె నోబిలి (1577–1656) లాంటి జెసూట్‌లు (యేసు సభ అనే కతోలిక గురువుల సభ వాళ్లు) పండితులతో కూర్చుని సంస్కృతం నేర్చి, తమ మత విషయాలకు లాటిన్ మాటలు దిగుమతి చేయకుండా ఇక్కడి మాటలు వెతికారు. ఈ ఒక్క మాట ఎవరు పెట్టారో నేను చెప్పను గానీ, ఆ వాతావరణంలో పుట్టినదే అని చూడగానే తెలుస్తుంది. తమిళంలో 'అనుమానం' అంటే ఊహ, నిర్ధారణ. శంక అనే అర్థం అంత బలంగా లేదు. అదే మాట తెలుగులోకి, కన్నడంలోకి వచ్చేసరికి శంక అయిపోయింది. అంటే మాట చేసిన తప్పు లేదు, కాపురానికి వచ్చిన ఇల్లు అలాంటిది.

పండితుల వారి చిల్లు తమిళులకూ కనిపించినట్టుంది. తరువాత వాళ్లు 'అరుట్సాదనం' అన్నారు. అరుళ్ అంటే అనుగ్రహం, సాధనం మనకు తెలిసిందే. సూచన నుంచి సాధనానికి వచ్చారు. జ్ఞానస్నానాన్ని కూడా వదిలేసి 'తిరుముళుక్కు' అంటున్నారు, పవిత్రమైన మునక అని. మనం దేవద్రవ్యానుమానాన్ని వదిలి జ్ఞానస్నానాన్ని ఉంచుకున్నాం.

ఇంకో తమాషా. మనం ఇన్ని పేర్లు పెడుతున్న దానికి లాటిన్ మాట సక్రమెంతుమ్. దానికి మొదట సైనికుడు చేసే ప్రతిజ్ఞ అని అర్థం. తెలుగులో దానికి సరైన మాట ప్రమాణం. తర్కంలో ప్రమాణమంటే తెలుసుకునే సాధనం, అనుమానం కూడా ఒక ప్రమాణమే! ఇది కాకతాళీయం, దీని మీద నేను మేడ కట్టబోవడం లేదు.

తర్కం చదువుకున్న సభ్యుడు

కట్టకండి, కూలుతుంది. కానీ బాగుంది.

'సంస్కారం' మీదా నాకు పేచీ ఉంది. గర్భాధానం నుంచి అంత్యేష్టి దాకా మనకు షోడశ సంస్కారాలున్నాయి కాబట్టి మాట ఇంటిదే. మెరుగు పెట్టడం, తీర్చిదిద్దడం అనే అర్థం కూడా మీ వాళ్లకు పనికొస్తుంది. చిక్కల్లా నేటి వాడుకతోనే. ఉత్త సంస్కారం అంటే మర్యాద, బహువచనం చేస్తే దహన సంస్కారాలు. ముందు 'దివ్య' తగిలించకపోతే పెళ్లి శుభలేఖలో వేయలేరు.

గుంటూరు జిల్లా నుంచి ఒక సభ్యురాలు

మేము తరతరాల కతోలికులం. మా నాయనమ్మ దేవద్రవ్యానుమానాలు ఏడూ గుక్క తిప్పుకోకుండా చెప్పేది: జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, దివ్యసత్ప్రసాదము, పాపసంకీర్తనము, అవస్థ అభ్యంగనము, గురుపట్టాభిషేకము, జ్ఞానవివాహము. (పాపసంకీర్తనమంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, అవస్థ అభ్యంగనమంటే రోగికి నూనె పూయడం.) ఆమెకు చదువు రాదు, అనుమానం అంటే తర్కం అని అసలే తెలియదు. ఆ మాటలో శంక ఉందని కూడా ఎన్నడూ అనుకోలేదు. మంత్రంలోని మాటకు అర్థం వెతకం కదా, అలాగన్నమాట.

నాకు ఇంకో విషయం తోచింది. మొదటి మూడూ ఏమిటో చూడండి: స్నానం, అభ్యంగనం, ప్రసాదం. ఏ తెలుగింట్లోనైనా పండుగ పూట జరిగేది ఇదే! నిరుడు మా విచారణలో పాస్క జాగరణ రాత్రి నలుగురు పెద్దవాళ్లు జ్ఞానస్నానం పొందుతుంటే దగ్గర నుంచి చూశాను. ఒకామెకు నేనే జ్ఞానతల్లిని, అంటే జ్ఞానస్నానంలో ఆమె పక్కన నిలిచిన పెద్ద దిక్కును. జ్ఞానస్నానానికి సిద్ధపడే రోజుల్లో ముందుగా ఒక నూనె రాశారు. ఆ రాత్రి తల వంచితే ఫాదర్ గారు మూడుసార్లు నీళ్లు పోశారు. నీళ్లు చల్లగా ఉన్నాయేమో, ఆమె భుజాలు ఒక్కసారి ముడుచుకుపోయాయి. తుడుచుకోవడానికి తువ్వాలు నా చేతిలోనే ఉంది. తరువాత తెల్ల చీర. ఆ తరువాత పెద్ద పాస్క వత్తి నుంచి వెలిగించిన చిన్న వత్తి. నుదుట పరిమళ తైలం. చివరికి సత్ప్రసాదం. తలంటు, స్నానం, కొత్త బట్ట, దీపం, నుదుట గంధం, ప్రసాదం, అన్నీ వరస తప్పకుండా వచ్చాయి. పక్కన కూర్చున్న మా అత్తగారితో అంటే, "పండుగే కదా మరి" అంది.

బాప్తిస్మం అనే ఇతర క్రైస్తవ సంఘాల వాళ్లలో కొందరు మునగాలంటారు, మేము పోస్తాం. మునగకపోతే స్నానమెలా అవుతుందని ఒక బంధువు నాతో వాదించాడు. రోజూ చెంబుతో పోసుకునేవాణ్ణి ఆ మాట అడగడానికి నీకు నోరెలా వచ్చిందని అడిగాను.

తర్కం చదువుకున్న సభ్యుడు

అమ్మా, మీ వరసతో నాకు ఒక ముడి విడింది. భద్రమైన అభ్యంగనం అనే మాట మొదటి నుంచీ గుచ్చుకుంటోంది. అభ్యంగనం స్నానానికి ముందు ఒళ్లంతా పట్టించే నూనె. మీ వాళ్లు ఆ పేరు పెట్టింది స్నానం తరువాత నుదుట పెట్టే తైలానికి. నిజానికి అభ్యంగనం అనదగ్గది మీరు చెప్పిన ఆ ముందటి నూనె. తరువాతి దానికి అభిషేకం అన్నా, తిలకం అన్నా అతికేది. క్రీస్తు అంటేనే అభిషిక్తుడని ఎక్కడో చదివాను.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

అవును మాస్టారూ. గ్రీకులో ఆ తైలం పేరూ, క్రీస్తు అన్న పేరూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఒలీవ నూనెలో పరిమళ ద్రవ్యం కలిపి, పీఠాధిపతి (బిషప్) గురువుల మధ్య పవిత్రపరుస్తారు. ఏడాది పొడవునా విచారణలన్నీ వాడేది అదే. 'భద్రమైన' అనే విశేషణం మాత్రం లాటిన్ మాటకు దగ్గరగానే ఉంది. స్థిరపరచడం, గట్టిపరచడం అని దాని అర్థం. పోస్టులో కవరు మీద లక్క ముద్ర వేసినట్టు అని ఉపదేశి గారు చెప్పారు.

జ్ఞానస్నానంలో జ్ఞానం ఎందుకుందని కూడా అడగాలనుకున్నాను, జవాబు అనుకోకుండా దొరికింది. రెండో శతాబ్దపు జస్టిన్ అనే పునీతుడు ఈ స్నానానికి వెలుగు పొందడం అనే పేరుందని రాశాడట. తపస్సు కాలం (పాస్కకు ముందు నలభై రోజులు) నాలుగో ఆదివారం, సిద్ధపడే మమ్మల్ని ముందుకు పిలిచి, పుట్టుగుడ్డివాడి సువార్త చదివారు. సిలోయం కోనేటిలో కడుక్కున్నాడు, చూపు వచ్చింది. కతోలిక తెలుగులో జ్ఞానతండ్రి, జ్ఞానవివాహం లాంటి మాటల్లో 'జ్ఞాన' అంటే ఆత్మ సంబంధమైన అనే. కానీ ఆ పూట నాకు అచ్చంగా చూపు అనే వినిపించింది.

మా తరగతిలో ఇంకొకాయన ఉన్నాడు. వేరే సంఘంలో చిన్నప్పుడే చెరువులో బాప్తిస్మం పొందాడు. ఆయనకు మళ్లీ నీళ్లు పోయరు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరిట నీళ్లతో సరిగా జరిగిందని రూఢి అయితే చాలు, అది ఒక్కసారే. ఆయన విశ్వాసం ప్రకటించి, అభ్యంగనం, సత్ప్రసాదం అందుకుంటాడు. అక్కడ 'పరిశుద్ధాత్మ', ఇక్కడ 'పవిత్రాత్మ'. నాలుక తిరగడానికి నెల పట్టిందని నవ్వుతాడు.

క్రియాపదం గురించి ఎవరైనా చెబుతారా? పిల్లలకు 'ఇప్పించాం' అంటారు. పెద్దవాళ్లు 'తీసుకున్నాను' అంటారు, పుస్తకం 'పొందెను' అంటుంది. మా అమ్మ మాత్రం వాళ్ల ఊళ్లో ఎవరి గురించో చెబుతూ 'మతం పుచ్చుకున్నారు' అంది.

గుంటూరు జిల్లా సభ్యురాలు

మీ అమ్మగారి మాటే నాకు నచ్చింది. తాంబూలం పుచ్చుకుంటాం, దానం పుచ్చుకుంటాం, ఉపదేశం పుచ్చుకుంటాం. ఎదుటివాడు ఇస్తేనే పుచ్చుకునేది. 'తీసుకోవడం' అల్మారాలోంచి కూడా తీసుకోవచ్చు. 'మారడం'లో ఇచ్చేవాడే లేడు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు (పాస్క తరువాత)

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. అయిపోయింది. మావారూ, అమ్మా ఇద్దరూ వచ్చారు. మావారు నా పక్క వరసలో కూర్చుని, పుస్తకంలో పేజీ తప్పిపోతే పక్కవాళ్లను అడిగి నాకు చూపిస్తూనే ఉన్నారు. నీళ్లు నిజంగానే చల్లగా ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. తెల్లవారాక అమ్మ నువ్వుల నూనె గిన్నె, కుంకుడుకాయ రసం సిద్ధం చేసి, "పండుగ పూట కదా, రా, తలంటుతాను" అంది. నుదురు తడుముకుంటే ఆ తైలం వాసన ఇంకా ఉంది. "ఇవాళ వద్దమ్మా" అన్నాను. అమ్మ దగ్గరికి వచ్చి, వంగి, నుదుటి దగ్గర వాసన చూసి, గిన్నె మీద మూత పెట్టింది.

చెన్నై సభ్యుడు

ఆఫ్రికాలో క్రీస్తుశకం 200 ప్రాంతంలో తెర్తుల్లియన్ అనే రచయిత ఉండేవాడు. తమ వాళ్లు జ్ఞానస్నానం పొందిన రోజు నుంచి వారం పాటు రోజువారీ స్నానం మానేస్తారని రాశాడు. మీ అమ్మగారితో చెప్పండి, ఇంకో ఆరు రోజులు గడువుంది.