13 లక్షల్లో సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్: సిటీనా, హైరైడరా, పాత క్యామ్రీనా?

హొరమావు_హరి

అందరికీ నమస్తే. బెంగళూరులో ఉంటున్నాం. హొరమావు నుంచి బెళ్ళందూరు ఆఫీసుకి వారానికి నాలుగు రోజులు, రానూపోనూ 35 కిలోమీటర్లు, దాదాపు అంతా ఔటర్ రింగ్ రోడ్డే. రెండు మూడు నెలలకోసారి అనంతపురం వెళ్లొస్తాం. ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 13 లక్షలు దాటకూడదు.

చూస్తున్నవి: 2022 హోండా సిటీ ఈ:హెచ్‌ఈవీ, 2022 చివర్లో కొన్న టయోటా హైరైడర్ హైబ్రిడ్, 2015 క్యామ్రీ హైబ్రిడ్ (మిగతా రెండిటికంటే బాగా చవక). ఇవి కాక మారుతి గ్రాండ్ విటారా "హైబ్రిడ్" అని ఒకటి పది లక్షల లోపే చెబుతున్నారు, అంత తక్కువ ఎందుకో అంతుపట్టలేదు. హైదరాబాద్ బండి తెచ్చుకుంటే కలిసొస్తుందా? బ్యాటరీ పోతే గతేంటి? కొనేముందు ఏమేం చూడాలి?

స్పానర్_బాబాయ్

ముందు ఆ విటారా సంగతి. అది స్మార్ట్ హైబ్రిడ్, అంటే మైల్డ్. బెల్టుతో తిరిగే స్టార్టర్ జనరేటర్ ఒకటి ఇంజన్‌కి కాస్త ఊతమిస్తుంది. ఒట్టి మోటారు మీద ఆ బండి అంగుళం కూడా కదలదు. ప్రకటనలో రెండు రకాలకీ హైబ్రిడ్ అనే రాస్తారు, పూర్తిగా అబద్ధమని కూడా అనలేం.

ఆర్సీ అడగండి. 1462 సీసీ, 4 సిలిండర్లు అని ఉంటే మైల్డ్. 1490 సీసీ, 3 సిలిండర్లు ఉంటే టయోటా స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే ఒట్టి మోటారు మీద కూడా నడవగలిగేది. హైరైడర్‌కీ ఇదే గుర్తు, లోపల రెండూ ఒకటే బండి. ఫోటోల్లో పట్టుకోవాలంటే క్లచ్ పెడల్ కనిపిస్తే మైల్డే. స్ట్రాంగ్‌లో గేర్ లివర్ దగ్గర డి తర్వాత బి ఉంటుంది, ఆర్‌పీఎం ముల్లు బదులు పవర్ మీటర్ ఉంటుంది. విటారాలో స్ట్రాంగ్ వేరియంట్లకి పేరు చివర ప్లస్ ఉంటుంది (జీటా ప్లస్, ఆల్ఫా ప్లస్).

ఇక మీ తిరుగుడికి హైబ్రిడ్ గిట్టుబాటు అవుతుందా? ఆఫీసుకి ఏడాదికి సుమారు 7,200 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో మామూలు పెట్రోల్ ఆటోమేటిక్ 11 ఇస్తుందనుకుంటే 655 లీటర్లు. స్ట్రాంగ్ హైబ్రిడ్ 20 ఇచ్చినా 360. అనంతపురం ప్రయాణాల్లో మిగిలేది ఇంకో పాతిక లీటర్లు, హైవే మీద తేడా అంతంతే. మొత్తం ఏడాదికి 320 లీటర్లు, వంద రూపాయల లెక్కన 32 వేలు. అంటే అదే ఏడాది మామూలు సిటీ సీవీటీ (పెట్రోల్ ఆటోమేటిక్) కంటే హైబ్రిడ్‌కి రెండున్నర లక్షలు ఎక్కువ పెడితే, అవి తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు. లక్షన్నర లోపు తేడా ఉంటేనే డబ్బు కోణంలో కొనండి. ట్రాఫిక్‌లో ఇంజన్ ఆగిపోయి, ఏసీ నడుస్తూనే, చప్పుడు లేకుండా పాకే సుఖానికి విలువ కడతారా, అది మీ ఇష్టం. నేనైతే కడతాను.

బేరానికి ఒక మాట: 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు హైబ్రిడ్ కార్ల మీద జీఎస్టీ, సెస్ కలిపి ఉన్న 43 శాతం కాస్తా 40 అయింది. కాబట్టి "కొన్నప్పుడు ఇంత పెట్టాను" అన్న అంకె పట్టించుకోకండి, ఇవాళ్టి కొత్త బండి ఆన్‌రోడ్ ధర నుంచి కిందికి లెక్కేయండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు

బాబాయ్ చెప్పిన లెక్క సరే, బ్యాటరీ సంగతి నేను చెప్తా. హోండా, టయోటా, మారుతి, మూడూ ఈ బళ్ల హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు వారంటీ ఇచ్చాయి, ఏది ముందైతే అది. మొదటి ఓనర్ కొన్న తేదీ నుంచి లెక్క, ఓనర్ మారినా బండితో పాటే వస్తుంది. 2022 బండి అంటే 2030 దాకా. అందుకే ఓడోమీటర్ కంటే ముందు మొదటి ఇన్‌వాయిస్ తేదీ చూడండి. మిగతా కారు వారంటీ మాత్రం వేరు. ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చేది), ఏసీ కంప్రెసర్ లాంటివి బ్యాటరీ వారంటీలోకి రావు, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉందో లేదో విడిగా అడగాలి.

2015 క్యామ్రీకి ఆ రక్షణ ఎప్పుడో అయిపోయింది. అందులో నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్, 34 మాడ్యూళ్లు, ఒక్కోటి 7.2 వోల్టులు, మొత్తం 244.8. "ఒక మాడ్యూల్ మార్పించాం, ఇప్పుడు సూపర్" అంటే అక్కడినుంచి వచ్చేయండి. మిగతా 33 కూడా అదే వయసువి, కొత్తదాని పక్కన ఒకదాని తర్వాత ఒకటి కూర్చుంటాయి. పూర్తి ప్యాక్ ఎంతవుతుందో టయోటా సర్వీస్ సెంటర్లో రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని, ఆ మొత్తాన్ని క్యామ్రీ ధరకి కలిపి చూడండి. అప్పుడది చవక బండి కాదని తేలిపోతుంది.

ఇంకొకటి, "తక్కువ తిరిగింది" అన్నది హైబ్రిడ్‌లో ఎప్పుడూ ప్లస్ పాయింటు కాదు. బేస్‌మెంట్‌లో నెలల తరబడి ఉన్న బండిలో ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీ డౌన్ అవుతుంది, పెద్ద ప్యాక్ కూడా మెల్లగా దిగిపోతుంది. ఆ చిన్నది బలహీనమైతే డాష్‌బోర్డ్ మీద సంబంధం లేని లైట్లన్నీ వెలుగుతాయి, బండి కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ లైటు రాదు. చాలామంది అది చూసి పెద్ద బ్యాటరీ పోయిందని బెంబేలెత్తుతారు. ముందు మల్టీమీటర్‌తో చూడాలి: రాత్రంతా ఆగిన బండిలో 12.4 వోల్టుల కంటే తక్కువుంటే చిన్నది చార్జింగ్ పెట్టి మళ్లీ పరీక్షించాలి.

మూడింట్లో నా ఓటు సిటీకి, ఒక్క షరతు మీద: డిక్కీ మీకు సరిపోవాలి. మామూలు సిటీలో 506 లీటర్లుంటే ఈ:హెచ్‌ఈవీలో 306 మాత్రమే, మిగతాది బ్యాటరీ తినేసింది. ఊరి నుంచి బియ్యం బస్తా, మామిడిపండ్ల పెట్టెలు తెచ్చే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. హైరైడర్ డిక్కీ కూడా హైబ్రిడ్‌లో తగ్గుతుంది, కానీ గుంతల రోడ్లలో ఎత్తు కలిసొస్తుంది.

స్పానర్_బాబాయ్

పరీక్ష ఎలా చేయాలో రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పొద్దున్నే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. బానెట్ చేత్తో తాకితే చల్లగా ఉండాలి. స్టార్ట్ నొక్కగానే రెడీ లైటు రావాలి. ఇంజన్ తిరగకపోవచ్చు, అది తప్పు కాదు. ఏసీ ఫుల్‌లో పెట్టి నిలబెట్టి పది నిమిషాలు చూడండి. ఇంజన్ ఆగుతూ, మళ్లీ లేస్తూ, చార్జ్ చేసి ఆగాలి. చార్జ్ గీతలు ఒకటి రెండు నిమిషాల్లోనే పైనుంచి అడుగుకి పడిపోయి, అంతే గబగబా నిండిపోతుంటే ప్యాక్ సామర్థ్యం తగ్గినట్టే. చెంబులో నీళ్లలా, తొందరగా నిండుతుంది, తొందరగా ఒలికిపోతుంది.

తర్వాత హెబ్బాళ ఫ్లైఓవర్ లాంటి ఎక్కుడు మీద గట్టిగా తొక్కండి. ఇంజన్ మోత పెరుగుతుంది, అది ఈ-సీవీటీ (హైబ్రిడ్ ఆటోమేటిక్) స్వభావం, భయపడొద్దు. కుదుపు గానీ, పవర్ తగ్గిందన్న హెచ్చరిక గానీ రాకూడదు. ఇలాంటిదే ఇంకోటి: తిరుమల ఘాట్ దిగేటప్పుడు సగంలోనే బ్యాటరీ నిండిపోయి ఇంజన్ ఉన్నట్టుండి గోలగా తిరుగుతుంది. పెట్రోలు తాగట్లేదు, బండిని ఆపుతోంది, అంతే.

వెనక సీటు దగ్గర బ్యాటరీ గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది. టార్చ్ వేసి చూడండి. దుమ్ము, కుక్క వెంట్రుకలు అట్టకట్టి ఉంటే ప్యాక్ వేడెక్కుతూ బతికినట్టే. సీట్ కవర్ దాన్ని మూసేసి ఉన్నా అంతే. అలాగే బ్రేకులు. మోటారే ఎక్కువగా ఆపుతుంది కాబట్టి ప్యాడ్లు అరగవు, కానీ డిస్కుల మీద తుప్పు పొర, కాలిపర్ పిన్నులు బిగుసుకుపోవడం మామూలు. మెల్లగా ఆపేటప్పుడు గరగరమంటుందేమో వినండి.

ఏసీ రిపేరు బిల్లులు ఉంటే తప్పకుండా చదవండి. ఈ బళ్లలో ఏసీ కంప్రెసర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది, దానికి కరెంటు పారనివ్వని ప్రత్యేకమైన ఈస్టర్ ఆయిల్ పోయాలి. తెలియని మెకానిక్ మామూలు కార్లకి పోసే పీఏజీ ఆయిల్ పోస్తే ఇన్సులేషన్ పడిపోయి కొన్నాళ్లకి బండి రెడీలోకే రాదు. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పీ0ఏఏ6 కోడ్ వస్తుంది. కారణం దొరక్క బ్యాటరీ దాకా విప్పుతారు.

బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పట్టుకెళ్లండి. పీ0ఏ80 బ్యాటరీది, పీ0ఏ93 ఇన్వర్టర్ కూలింగ్‌ది. కోడ్లు ఏమీ లేవని సంతోషించకండి, "కోడ్లు చెరిపాక తిరిగిన దూరం" అన్న అంకె చూడండి. అది 20, 30 కిలోమీటర్లు ఉంటే మీరు వస్తున్నారని తెలిసి నిన్నో మొన్నో చెరిపారు. పాత క్యామ్రీ లాంటి నికెల్ ప్యాక్ బళ్లలో బ్లాకుల (రెండేసి మాడ్యూళ్ల జతల) వోల్టేజీ కూడా చూడొచ్చు. ఎక్కుడులో తేడా 0.3 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు, ఎప్పుడూ ఒకే బ్లాకు అర వోల్టుకి పైగా కిందికి దిగుతుంటే వద్దు. నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా అడ్వాన్స్ ఇచ్చేముందు కంపెనీ సర్వీస్ సెంటర్లో హైబ్రిడ్ చెకప్ చేయించండి. చాసిస్ నంబరుతో పాత జాబ్ కార్డులూ, పెండింగ్ రీకాల్సూ అడగండి. 2022 డిసెంబర్, 2023 జనవరిలో తయారైన కొన్ని హైరైడర్, విటారాలకి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ రీకాల్ వచ్చింది.

అడయార్_శ్రీను

చెన్నై నుంచి. మా ఊళ్లో 2015 డిసెంబర్ వరద, 2023 డిసెంబర్ మిచౌంగ్ తుఫాను. మీ దగ్గర 2022 సెప్టెంబర్‌లో బెళ్ళందూరు, యెమలూరు మునిగాయి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో నానిన కార్లు కడిగి, వేరే ఊళ్లో అమ్మేస్తారు. మామూలు కారైతే వాసనతో సరిపెట్టుకోవచ్చేమో గానీ, హైబ్రిడ్‌లో ప్యాక్ వెనక భాగంలో కిందనే ఉంటుంది. నీళ్లు తగిలితే బస్‌బార్లు (లోపల మాడ్యూళ్లని కలిపే లోహపు పట్టీలు) పచ్చగా చిలుమెక్కి నెలల తర్వాత ఇన్సులేషన్ ఫాల్ట్ ఇస్తాయి, నీళ్లు తగిలిన ప్యాక్‌కి వారంటీ కూడా వర్తించదు.

సీట్ బెల్టు చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో చూడండి. ముందు సీటు పట్టాల బోల్టులు, డిక్కీ కార్పెట్ కింద మూలలు, సీట్ల కింద వైర్ కనెక్టర్లు చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర కూడా అడగండి.

హైదరాబాద్ బండి గురించి: అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ రీరిజిస్ట్రేషన్, పైగా కర్ణాటక లైఫ్ టాక్స్. 10 నుంచి 20 లక్షల శ్లాబులో 17 శాతం, దాని మీద సెస్. బండి వయసుకి తగ్గించినా కొత్తప్పుడు దాదాపు 20 లక్షలున్న బండికి రెండు లక్షల పైమాటే. తెలంగాణలో కట్టింది వెనక్కి తెచ్చుకోవడం తిరుగుళ్ల పని. ఆర్టీఓలో లెక్క వేయించాక కూడా మూడు లక్షలు చవకగా వస్తేనే ఆలోచించండి, లేదంటే కేఏ నంబరు బండే కొనండి.

హొరమావు_హరి

శ్రీను గారికి, బాబాయ్‌కి, సిల్క్‌బోర్డ్ అన్నకి థాంక్స్. విటారా, క్యామ్రీ పక్కన పెట్టేశాను. సిటీ ఓనర్ సర్వీస్ సెంటర్ చెకప్‌కి సరేనన్నారు. లోన్ ఇంకా కొంచెం ఉందట, "డబ్బు ఇవ్వండి, కట్టేసి పేపర్లు ఇస్తా" అంటున్నారు. ఇన్సూరెన్స్‌లో 50 శాతం ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) ఉందంటున్నారు, అది నాకు వస్తుందా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు

ఎన్‌సీబీ మనిషిది, బండిది కాదు, మీకు రాదు. పాలసీని 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించండి, ఎన్‌సీబీ తేడా మొత్తం కంపెనీ అడిగితే కట్టాలి. బెంగళూరు వానలు కాబట్టి ఇంజన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజన్ పాడైతే పనికొచ్చే అదనపు కవర్) తీసుకోండి, హైబ్రిడ్ భాగాలకి వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి మరీ.

లోన్ డబ్బు ఆయన చేతికి ఇవ్వొద్దు. బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ ముగించడానికి ఎంత కట్టాలో చెప్పేది) తెప్పించి, ఆ మొత్తం నేరుగా లోన్ ఖాతాకి వేయండి. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్సీలో లోన్ తీసేయడానికి) వచ్చాక, ఓనర్ మార్పుకి కావలసిన ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు పెట్టాకే మిగతాది ఇవ్వండి. ట్రాఫిక్ చలాన్లు కూడా ఆ రోజే చూసి ఆయన చేతే కట్టించండి, ఔటర్ రింగ్ రోడ్డు కెమెరాల పుణ్యమా అని చిన్న మొత్తం ఉండదు.