పాపకు ఎగ్జిమా: తిండి మానేస్తే తగ్గుతుందా?

అనంతపురం అమ్మ:
పాపకు ఏడో నెల. మూడో నెల నుంచే ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు: బుగ్గల మీద, మోచేతి మడతల్లో ఎర్రటి పొక్కులు, రసి. రాత్రంతా గోక్కుంటుంది, తెల్లారేసరికి పక్కబట్ట మీద రక్తపు చారలు. నా పాలు తాగుతుంది కాబట్టి మా అత్తగారు నా చేత గుడ్డు, వేరుశనగ, వంకాయ, చివరికి పెరుగు కూడా మాన్పించారు. రెండు నెలల పథ్యంతో నేను చిక్కిపోయాను, పాప చర్మం మాత్రం అలాగే ఉంది.

కడప నాన్న:
మా వాడికి ఎగ్జిమా ముందు వచ్చింది, గుడ్డు పడదని తర్వాత తెలిసింది. ఉడికిన గుడ్డు అర చెంచా పెట్టిన పది నిమిషాలకే పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు, వాంతి. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాం. ఎగ్జిమా అలా ఉన్నపళంగా విరుచుకుపడదు. గుడ్డు మానేశాక కూడా మోకాళ్ల వెనక దురద పోలేదు.

కర్నూలు నర్సు:
చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. తిండి వల్ల ఎగ్జిమా వచ్చిందని పథ్యం పెడతారు. నిజానికి పగిలిన చర్మం గుండా ఇంట్లో ఉన్న తిండి పొడి లోపలికి చేరితే, ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని పగవాడిగా గుర్తుపెట్టుకుంటుంది. అదే తిండి ముందుగా నోటి ద్వారా వెళ్తే అలవాటు పడే అవకాశం ఎక్కువ. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలతో లండన్‌లో చేసిన లీప్ అధ్యయనం 2015లో వెలువడింది. చర్మాన్ని సన్నగా గుచ్చి అలర్జీ ఉందేమో చూసే చర్మ పరీక్షలో వేరుశనగకు ఏమీ రాని పిల్లల్లో, దాన్ని తినకుండా ఉంచినవారిలో 13.7 శాతం మందికి ఐదేళ్లకు ఆ అలర్జీ ఉంది. తిన్నవారిలో 1.9 శాతమే.

అనంతపురం అమ్మ:
అయ్యో! మా ఇంట్లో కాయలు ఒలిచేదే ఉయ్యాల పక్కన. పొట్టు ఎగిరి పాప మీద పడుతుంది. ఒళ్లు రుద్దేది కూడా గానుగ వేరుశనగ నూనెతోనే.

కర్నూలు నర్సు:
ఆ నూనె వంటకు ఉంచండి. గానుగ నూనెలో వేరుశనగ ప్రోటీన్ కొంత మిగిలి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించి, ఒళ్లు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ దట్టంగా రాయండి. డాక్టరు రాసిన స్టెరాయిడ్ పూతను భయపడి మధ్యలో ఆపకండి. ఇంత ఎగ్జిమా ఉన్న పాపకు వేరుశనగ మొదటిసారి పెట్టేముందు మాత్రం డాక్టరును అడగాల్సిందే.

ధర్మవరం పిన్ని:
రక్తపరీక్ష కాగితం చూసి కూడా బెదరకండి. మా అక్క మనవడికి పన్నెండు రకాలు పడవని వచ్చింది. అన్నీ మాన్పించారు, బరువు పెరగడం ఆగిపోయింది. తర్వాత డాక్టర్ల ఎదుట ఒక్కొక్కటే తినిపించి చూస్తే నిజంగా పడనివి ఆవుపాలు ఒక్కటే.

అనంతపురం అమ్మ:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. బుగ్గలు మెత్తబడ్డాయి. చర్మ పరీక్షలో వేరుశనగకు ఏమీ రాలేదు. డాక్టరు చెప్పినట్టు మెత్తగా నూరి రాగి జావలో కలిపి పెట్టాను. మొదటి చెంచాకు మూతి ముడిచింది, రెండో చెంచాకు తానే నోరు తెరిచింది. అత్తగారు ఇప్పుడు కాయలు వసారాలో ఒలుస్తున్నారు, చేతులు కడుక్కున్నాకే పాపను ఎత్తుకుంటున్నారు. నా వంకాయ కూర నాకు తిరిగి వచ్చింది.