ఐపీ అడ్రస్ తీసుకుంది, గేట్‌వే మాత్రం తీసుకోవట్లేదు

కొత్త_ప్రాంప్ట్:
నెట్‌వర్క్ సెట్టింగ్‌లకి ఇన్నాళ్లూ పాత ఇఫ్‌కాన్ఫిగ్ కమాండ్‌తోనే నెట్టుకొచ్చాను. కొత్తగా వేసిన లినక్స్‌లో అది లేదు, సరే అని ఐపీ కమాండ్ పట్టుకున్నా. "ఐపీ అడ్రస్ యాడ్ 192.168.1.50 డెవ్ ఈథ్0" కొడితే కిక్కురుమనకుండా తీసుకుంది. లింక్ కూడా అప్‌లోనే ఉంది. కానీ "ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.1.1" అనగానే గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి ఇచ్చే రౌటర్) చెల్లదని ఎర్రర్. నంబర్ పదిసార్లు చూశా, కరెక్టే. కేబుల్ కూడా మార్చా. ఇఫ్‌కాన్ఫిగ్‌కి ఇదే అడ్రస్ ఇస్తే ఏ గొడవా ఉండేది కాదు!

ఉత్త_షెల్:
కేబుల్ పాపం ఏం చేసిందండీ, అడ్రస్ వెనక /24 ఏది? అడ్రస్‌లో ఎన్ని బిట్లు నెట్‌వర్క్‌వో చెప్పే మాస్క్ అదే. "ఐపీ అడ్రస్ షో" కొట్టి చూడండి, 192.168.1.50/32 అని ఉంటుంది. /32 అంటే ఆ నెట్‌వర్క్‌లో మీ మెషిన్ ఒక్కటే ఉన్నట్టు, ఇక 192.168.1.1 దగ్గరికి ఏ దారిన పోవాలో కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయకి) తెలియదు. ఇఫ్‌కాన్ఫిగ్‌తో మాస్క్ ఇవ్వకుండా పెడితే పాతకాలపు క్లాస్ ఎ, బి, సి లెక్కన ఒక మాస్క్ దానంతటదే పడేది, 192తో మొదలయ్యేది క్లాస్ సి కాబట్టి /24 వచ్చేది, మీ నెట్‌వర్క్ కూడా అదే కావడంతో బండి నడిచింది. 10తో మొదలయ్యే అడ్రస్ అయితే /8 పడి ఇంకోరకంగా ఏడిపించేది. ఆ /32ని "ఐపీ అడ్రస్ డెల్"తో తీసేసి, /24తో మళ్లీ పెట్టి, అప్పుడు రూట్ ఇవ్వండి.

పాత_డెమన్:
ఇదంతా ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నుంచి నెట్‌వర్క్ మీద లాగిన్ అయి, చేసేవాళ్లు ముందు "షట్‌డౌన్ -ఆర్ +5" పెట్టుకోండి. కనెక్షన్ తెగినా ఐదు నిమిషాల్లో రీబూట్ అయి పాత సెట్టింగ్‌తో లేస్తుంది, అంతా బాగుంటే "షట్‌డౌన్ -సి"తో ఆపేయొచ్చు. అడ్రస్‌లు తుడిచేసే "ఐపీ అడ్రస్ ఫ్లష్" కొట్టి, నేను కూర్చున్న కొమ్మ నేనే నరుక్కున్నాక అబ్బిన తెలివి ఇది. అన్నట్టు ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇప్పటికీ ఇఫ్‌కాన్ఫిగే రాజు.

కొత్త_ప్రాంప్ట్:
/24 పెట్టగానే రూట్ ఎక్కింది, థాంక్స్ అండీ. కానీ రీబూట్ చేస్తే మళ్లీ మొదటికొచ్చింది?

ఉత్త_షెల్:
వస్తుంది మరి, ఐపీ కమాండ్ మార్చేది నడుస్తున్న కెర్నల్‌లోనే, డిస్క్ మీద ఏమీ రాయదు. ఉబుంటు సర్వర్ అయితే నెట్‌ప్లాన్ అనే సెట్టింగ్‌ల ఫైల్లో రాయండి, నెట్‌వర్క్ మేనేజర్ ఉంటే దాని కమాండ్ ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐతో చేయండి. నెట్‌ప్లాన్‌లో "అప్లై" బదులు "ట్రై" కొట్టండి, 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగ్‌కే తిరిగి వెళ్తుంది.