అప్‌డేట్: మస్కిటో ఫ్యూజిలాజ్ సిద్ధమైంది

రెండో ప్రపంచ యుద్ధపు డి హావిలాండ్ మస్కిటో బాంబర్‌ను 1:24 స్కేలులో చెక్కతో చేస్తున్నానని, ఫ్యూజిలాజ్‌ను, అంటే విమానం మొండేన్ని, ఒకే దుంగలోంచి చెక్కితే బరువెక్కుతుందేమోనని అడిగాను కదా. అసలు విమానాన్ని కట్టిన పద్ధతే పట్టుకోమన్న సలహా అద్భుతంగా పనిచేసింది. ఎంతో కృతజ్ఞతలు!

1940లో తొలిసారి ఎగిరిన ఆ విమానమే చెక్కది. బర్చ్ చెట్టు చెక్కతో చేసిన ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా అనే అతి తేలికైన చెక్క పెట్టి, అచ్చులపై రెండు సగాలుగా చేసి, లోపలి తీగలూ గొట్టాలూ చాలావరకు అమర్చాకే వాటిని అతికించేవారు. నేనూ టేకును చిత్రిక పట్టి అచ్చు చేశాను. పలుచని బర్చ్ పట్టీలను వేడినీళ్లలో నానబెట్టి, దానిమీద రబ్బరు బ్యాండ్లతో బిగించాను. ఆరాక విప్పితే వంపు చెక్కుచెదరలేదు. దానిపై బాల్సా, మళ్లీ బర్చ్. సగాలు విడిగా ఉన్నందున పైలట్ సీటును, దానికి కుడిపక్కన కాస్త వెనక్కి ఉండే నేవిగేటర్ సీటును తీరిగ్గా అమర్చుకోగలిగాను.

ఇక రెక్క. అసలుది సుమారు 16.5 మీటర్లు, నాది 69 సెంటీమీటర్లు. మస్కిటో రెక్క ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒకటే కాబట్టి నేనూ మధ్యలో విడగొట్టను. మెర్లిన్ ఇంజిన్ల తొడుగులు ఆ తర్వాతే.