కాలనీ ధర్నా: ఐదుగురు దాటితే కేసేనా?

కాలనీ సెక్రటరీ:
నమస్తే అండి. డ్రైనేజీ సమస్య మీద మా కాలనీవాళ్లం 25 మందిమి వార్డు ఆఫీసు ముందు ప్లకార్డులతో ఒక గంట నిలబడదామనుకుంటున్నాం. "144 ఉంది, ఐదుగురు కనబడితే లోపలేస్తారు" అని కొందరు భయపెడుతున్నారు. వచ్చేవాళ్లలో రిటైరైనవాళ్లు, ఆడవాళ్లే ఎక్కువ. ఐదుగురు దాటితే నిజంగానే నేరమా? ఎవరో ఒకరు రాయి విసిరితే మిగతావాళ్ల పరిస్థితి ఏమిటి?

నాంపల్లి అడ్వకేట్:
సెక్రటరీ గారూ, "144" అనే మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఒకటి గుంపులు కూడవద్దని అధికారులు ఇచ్చే నిషేధాజ్ఞ (పాత 144 సెక్షన్), రెండోది చట్టవిరుద్ధ సమావేశం అనే నేరం. 2024 జులై 1 నుంచి నిషేధాజ్ఞ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతుల చట్టం) 163లో, నేరం భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం) 189లో ఉన్నాయి.

ఆ 189 కింద ఐదుగురు ఉంటే చాలదు, చట్టం చెప్పిన ఐదు ఉద్దేశాల్లో ఒకటి ఉమ్మడిగా ఉండాలి. బలప్రయోగంతోనో, బలం చూపించో ప్రభుత్వాన్ని బెదిరించడం, ఆస్తినో దారినో లాక్కోవడం, చేయనవసరం లేని పని ఎదుటివాడిచేత బలవంతంగా చేయించడం వాటిలో మూడు. చట్టం అమలును అడ్డుకోవడం నాలుగోది. మామూలు ధర్నాలు ఇరుక్కునేది ఐదోదాంట్లో: ఆస్తి ధ్వంసం, అక్రమ ప్రవేశం, "లేదా మరే ఇతర నేరమైనా". దీనికి బలప్రయోగం అక్కర్లేదు. రోడ్డుకు అడ్డంగా కూర్చుని మనుషుల్ని ఆపితే అది సెక్షన్ 126, ఆఫీసు గేటుకు తాళం వేసి లోపలివాళ్లను బయటికి రానివ్వకపోతే 127. ఐదుగురు ఆ ఉద్దేశంతోనే కూర్చుంటే 189 కూడా వచ్చి చేరుతుంది. ఫుట్‌పాత్ మీద దారి వదిలి ప్లకార్డు పట్టుకుంటే ఇవేవీ రావు.

చట్టవిరుద్ధ సమావేశంలో సభ్యుడిగా ఉంటే శిక్ష 6 నెలల దాకా, లేదా జరిమానా, లేదా రెండూ. మారణాయుధం చేతిలో ఉంటే 2 ఏళ్ల దాకా. చెదిరిపొమ్మని పోలీసులు ఆదేశించారని తెలిసీ చట్టవిరుద్ధ గుంపులో ఉండిపోతే కూడా 2 ఏళ్ల దాకా. చట్టబద్ధంగా మొదలైన గుంపు తర్వాత చట్టవిరుద్ధం కావచ్చని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. శాంతికి భంగం కలిగించేలా ఉన్న ఐదుగురి గుంపు ఏదైనా సరే, ఆదేశం తర్వాత కదలకపోతే 189(5) కింద 6 నెలల దాకా పడొచ్చు. అందుకే ఎస్సై మైకులో చెప్పిన మరుక్షణం నుంచి లెక్క వేరు. వాదన తర్వాత, ముందు కదలాలి.

క్రిమినల్ సైడ్:
రాయి విషయానికి వస్తే, న్యాయ సంహిత సెక్షన్ 190. గుంపు ఉమ్మడి ఉద్దేశం కోసం ఒకరు చేసిన నేరం అప్పుడు అందులో ఉన్న అందరికీ వర్తిస్తుంది. జరిగే అవకాశం ఉందని సభ్యులకు తెలిసిన నేరమూ అంతే. ప్రతి ఒక్కరూ స్వయంగా ఏదో ఒకటి చేసి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 1964లో మసాల్తీ కేసులో చెప్పింది. కానీ ముందు ఆ గుంపు చట్టవిరుద్ధమైందని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. శాంతియుత ధర్నాలోకి ఎవడో దూరి రాయి వేస్తే వాడి నేరం వాడిదే. మీరు వెంటనే దూరం జరగాలి, మొదటి నిమిషం నుంచీ వీడియో తీసి ఉండాలి.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 126, 189, అల్లర్లకు వేసే 191 అన్నీ బెయిలబుల్. తోపులాటలో కానిస్టేబుల్ మీద చెయ్యి పడితే, ప్రభుత్వోద్యోగి విధికి బలప్రయోగంతో అడ్డుపడ్డారని 132 కలుస్తుంది, అది నాన్ బెయిలబుల్. ఒక్క తోపుతో కేసు స్వరూపమే మారిపోతుంది. ముందు వరుసలో ఆవేశపరుల్ని నిలబెట్టకండి.

కాలనీ సెక్రటరీ:
చాలా స్పష్టంగా చెప్పారు. మరి నిషేధాజ్ఞ ఉందో లేదో తెలుసుకునేదెలా?

నాంపల్లి అడ్వకేట్:
స్టేషన్లో కాపీ అడిగి తేదీలు, ప్రాంతం, మినహాయింపులు చదవండి. ఒక ఆజ్ఞ 2 నెలలకు మించి నడవదు, పొడిగిస్తే రాష్ట్ర ప్రభుత్వమే పొడిగించాలి. 2024 అక్టోబరు చివర్లో హైదరాబాద్ నగర పోలీసు కమిషనర్ నెల రోజులకు ఇచ్చిన ఆజ్ఞలో ఐదుగురు, అంతకు మించిన గుంపులు, ర్యాలీలు నిషేధించి, ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో శాంతియుత ధర్నాలను మినహాయించారు. ఆ వాక్యం చదవనివాళ్లు అనవసరంగా ఆగిపోతారు. ఆజ్ఞ ఉల్లంఘిస్తే కేసు న్యాయ సంహిత 223 కింద. దాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఆజ్ఞ ఇచ్చిన అధికారో, ఆయన పైఅధికారో, ఆయన అధికారమిచ్చిన మరో ప్రభుత్వోద్యోగో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, సురక్షా సంహిత 215 అదే చెబుతుంది. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు మాత్రమే ఉండి ఆ ఫిర్యాదు లేకపోతే ఆ సెక్షన్ నిలబడదు.

ఆజ్ఞ లేకపోయినా ముందే దరఖాస్తు ఇవ్వండి. తేదీ, గంటలు, ఎంతమంది, మైకు ఉందా, బాధ్యులు ఇద్దరి ఫోన్ నంబర్లు రాసి, ఇచ్చినట్టు స్టేషన్ ముద్ర వేయించుకోండి.

క్రిమినల్ సైడ్:
పెద్దవాళ్లకు ఒక రక్షణ ఉంది: సురక్షా సంహిత 35(7). 3 ఏళ్లలోపు శిక్షపడే నేరమైతే 60 దాటినవాళ్లనూ, అశక్తులనూ డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. సిటీలో ఆ స్థాయి ఏసీపీది. మహిళలనైతే సూర్యాస్తమయం తర్వాత అసాధారణ పరిస్థితుల్లో తప్ప అరెస్టు చేయరాదు. రిటైరైనవాళ్లందరినీ ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని రమ్మనండి, వయసు అక్కడికక్కడే చూపించొచ్చు.